పోయొస్తా అన్నాడని చెప్పాను

నాకు కోపం వస్తే అరవను. మాట్లాడటం మానేస్తాను. చిన్నప్పుడు మా అక్కతో పదకొండు రోజులు మాట్లాడలేదు, ఒకే కంచంలో తింటూ కూడా. గొడవ ఎందుకొచ్చిందో ఇప్పుడు గుర్తు లేదు, గెలిచింది నేనని మాత్రం బాగా గుర్తుంది. పెళ్లయి సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చాక ఈ విద్యంతా మా ఆయన మీదే చూపించాను. ఇక్కడ ఉధ్నా పేటలో వరుసగా కట్టిన అద్దె గదుల్లో మాదొకటి. కూతురికి పెళ్లి చేసి పంపాక అందులో మిగిలింది మేమిద్దరమే. ఒక్క గదిలో ఇద్దరు మనుషులు రోజుల తరబడి మాట్లాడుకోకుండా బతకాలంటే ఎంత నేర్పు కావాలో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఉప్పు అయిపోయిందన్నా గోడకు చెప్పాలి.

ఈసారి గొడవ మావా గురించి. వక్క, సున్నం, పొగాకు కలిపి ప్లాస్టిక్ కాగితంలో రుద్ది ఇస్తారు, దాన్నే ఇక్కడ మావా అంటారు. మరమగ్గాల మీద, అంటే మా మాటల్లో సాంచెల మీద, పనిచేసే మగవాళ్ల బుగ్గలో పొద్దస్తమానం ఒక ముద్ద ఉంటుంది. బీపీ బాగా ఎక్కువుందని డాక్టరు చెప్పిన రోజున మా ఆయన నా ముందు, వాళ్లక్క ముందు, దేవుడి పటం మీద చెయ్యేసి మానేస్తానన్నాడు. నెల తిరగలేదు. చొక్కా ఉతుకుతుంటే జేబులో పొట్లం దొరికింది. దాన్ని తీసి అన్నం కంచం పక్కన పెట్టాను. ఆ పూట నుంచి మాటల్లేవు.

అలా నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు పొద్దున ఆరున్నరకు అతను పనికి బయల్దేరాడు. నేను చీరలకు రాళ్లు అంటించే పని ముందేసుకుని, గుమ్మానికి వీపు చేసి కూర్చున్నాను. అన్నం డబ్బా కట్టి స్టూలు మీద పెట్టే ఉంచాను. రోజూ డబ్బా అందుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయేవాడు. ఆ రోజు గుమ్మంలో నిలబడిపోయాడు. కాసేపటికి "ఊ..." అని ఒక చప్పుడు చేశాడు, నోట్లో ఏదో పెట్టుకుని చేసినట్టు. తెల్లారకముందే మావా వేసుకున్నాడు, నా మీద పంతానికే వేసుకున్నాడు అనుకున్నాను. మళ్లీ అలాగే అన్నాడు. నేను తిరిగి చూడలేదు. నిజం చెప్పాలంటే లోపల సంతోషం కూడా వేసింది, మొత్తానికి మనిషి దిగొచ్చాడని. ఇంకో నాలుగుసార్లు పిలవనీ అనుకున్నాను. తర్వాత చెప్పుల చప్పుడు వినబడింది, అది కూడా దూరమైపోయింది.

కార్ఖానాలో ఏం జరిగిందో అతని పక్క సాంచెల మీద పనిచేసే మా ఊరివైపు మనిషి తర్వాత చెప్పాడు. సాంచెలు నడుస్తుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగితే ఒక సైగ, చాయ్‌కి ఒక సైగ, యజమాని సేఠ్ వస్తున్నాడంటే ఇంకొకటి. నోట్లో మావా ఉంటుంది కాబట్టి చప్పుడు లేని చోట కూడా ఎవరూ పెద్దగా నోరు విప్పరు. ఆ పొద్దున మా ఆయన బుగ్గ ఒక పక్కకు జారి ఉండటం ఈ మనిషి చూశాడు. ముద్ద పెద్దది పెట్టుకున్నాడులే అనుకున్నాడు. కాసేపటికి తెగిన పోగు ముడి వేయలేక కుడిచెయ్యి తడబడటం, ఒక్కో సాంచె ఆగిపోవడం చూసి, జ్వరం కాబోలని బట్ట తానుల మీద పడుకోబెట్టాడు. అతని సాంచెలు కూడా తనే నడిపాడు. ఒంట్లో బాగాలేని మనిషిని సేఠ్ కంట పడకుండా ఒక మూల పడుకోబెట్టి, అతని పని పక్కవాడు మోయడం వాళ్లలో మామూలే. మా ఆయన కూడా ఎందరికో అలా చేశాడు. తొమ్మిదింటికి చాయ్ తాగిస్తే గడ్డం మీదుగా చొక్కాలోకి కారిపోయింది. అప్పుడు ఆటో పిలిచారు.

"గింత మంచి చేద్దామని గింత పాడు చేసిన వదినె," అని ఆ మనిషి తర్వాత నా ముందు కూర్చుని ఏడ్చాడు. నువ్వేం చేస్తవ్ తమ్మీ, నీకేం తెలుసు అని నేనే ఓదార్చాను. ఓదార్చడం ఆ రోజుల్లో నాకు బాగా వచ్చింది.

ఆసుపత్రికి నేనూ మా ఆడబిడ్డా చేరేసరికి పదింబావు అయింది. మా ఆయనకు తల్లిలాంటి అక్క ఆమె, మా వెనక వరుసలోనే ఉంటుంది. అప్పటికే తలకు స్కాన్ తీశారు. అక్కడి డాక్టరు తెలుగువాడే, కోస్తా వైపు మనిషి. వయసు తక్కువ, మాట నిదానం. సూరత్‌లో అలాంటి తెలుగు విని చాలా కాలమైంది, ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డం పడింది. ఎడమ వైపు. మాట పుట్టే చోటుకు రక్తం అందట్లేదు," అన్నాడు. "ఒక్క విషయం ఆలోచించుకుని చెప్పండి. ఆయన మామూలుగా మాట్లాడటం చివరిసారి ఎవరు విన్నారు? ఎన్ని గంటలకు?"

"కార్ఖానల ఎవలం మాట్లాడం సార్. చప్పుడుకు ఏం ఇనవడది," అన్నాడు ఆటోలో తోడొచ్చిన ఆ పక్క సాంచెల మనిషి.

డాక్టరు నా వైపు తిరిగాడు. "నాలుగున్నర గంటల లోపైతే గడ్డ కరిగే మందు ఇంజెక్షన్ ఇస్తాం. అది దాటితే ఆ మందు వల్లే మెదడులో రక్తం కారే ప్రమాదం ఉంటుంది, ఇవ్వం. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగే పని మాత్రం ఎలాగూ చేస్తాం. టైము తెలియకపోతే తెలియదనే చెప్పండి. అప్పుడు రాత్రి పడుకున్న దగ్గర్నుంచి లెక్కేస్తాం. అందులో తప్పేమీ లేదు."

ఇంత విడమరిచి చెప్పాడు. నాకర్థం కాలేదనడానికి లేదు.

"పొద్దుగాల మంచిగనే ఉండె సార్," అన్నాను. "ఆరున్నరకు పోయేటప్పుడు పోయొస్త అని చెప్పిండు."

ఎందుకలా అన్నానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆడబిడ్డ నా భుజం పట్టుకుని ఉంది. నీ తమ్ముడితో నాలుగు రోజులుగా మాటల్లేవు, గుమ్మంలో నిలబడి పిలిచినా తిరిగి చూడలేదు అని ఆమె వింటుండగా చెప్పడానికి సిగ్గేసింది. అదొక్కటే కారణమంటే అది ఇంకో అబద్ధం. 'ఇవ్వం' అన్న మాట విన్నాను. ఆసుపత్రిలో ఆ మాట వింటే మాలాంటివాళ్లకు ఇంటికి పొమ్మన్నట్టే ఉంటుంది. ఏది ఇవ్వమంటే అదే ప్రాణం నిలిపే మందు అనిపిస్తుంది. సిగ్గు ఎంత, భయం ఎంత అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

డాక్టరు గడియారం చూసుకుని నర్సుకు హిందీలో ఏదో చెప్పాడు. ఇంజెక్షన్ ఇచ్చారు. నాతో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. తల కోయరని, మనిషిని ఎక్స్‌రే కింద పడుకోబెట్టి, తెర మీద దారి చూసుకుంటూ తొడ నుంచి మెడ దాకా, మెడ నుంచి మెదడులోకి గొట్టం తీసుకెళ్తారని డాక్టరు ఒక కాగితం వెనక బొమ్మ గీసి చూపించాడు. ఆడబిడ్డ ఆ బొమ్మను చూసి కళ్లు మూసుకుంది. నేను మాత్రం గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో మళ్లీ మళ్లీ దిద్దుతూ బయట బెంచీ మీద కూర్చున్నాను.

గంటన్నర తర్వాత డాక్టరు బయటికొచ్చి ఫోనులో ఫోటో చూపించాడు. తెల్లటి గుడ్డ మీద బియ్యపు గింజంత నల్లటి ముక్క, నమిలి ఊసిన మావా లాగే ఉంది. మనిషిని పడగొట్టింది ఇంతేనా అని ఒళ్లు మండింది. "నాళం పూర్తిగా తెరుచుకుంది. టైముకు తీసుకొచ్చారు," అన్నాడు. ఆడబిడ్డ ఆయన కాళ్లకు మొక్కబోతే వెనక్కి జరిగాడు.

సాయంత్రం నన్ను లోపలికి పంపారు. కుడిచేతి వేళ్లు రెండు కదిలాయి. కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. అప్పుడు మాట్లాడాను అతనితో, అన్ని రోజుల తర్వాత.

"నేనే ఓడిన తియ్," అన్నాను.

అతని పెదవి ఒక పక్క కదిలింది. నవ్వాడనే అనుకున్నాను. ఆ ఒక్క సాయంత్రం నేను తప్పేమీ చేయలేదని, చేసినా అది మంచికే పోయిందని నమ్మాను.

మర్నాడు పొద్దున వాంతి చేసుకున్నాడు. పిలిస్తే పలకలేదు. మళ్లీ స్కాన్ తీశారు. గడ్డ తీసేసిన చోటే రక్తం కారి చుట్టూ వాచిందని డాక్టరు చెప్పాడు. నిన్నటి మొహం కాదు ఆయనది.

"సూదిమందుతోనేనా సార్?" అని అడిగాను.

"కావచ్చు. అది ఇవ్వకపోయినా కొందరికి ఇలా అవుతుంది. ఎక్కువ గంటలు రక్తం అందకపోతే అక్కడ నాళాలు పాడై ఉంటాయి, వాళ్లకి ఈ ప్రమాదం ఎక్కువ. మీ వారిది నాలుగు గంటలే కదా," అన్నాడు ఫైలులోకి చూస్తూ.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. జరిగింది వెనక్కి రాకపోయినా ఆ ఫైలులో నిజం ఉండేది. నోరు తెరిచాను కూడా.

"నీళ్లు తాపొచ్చా సార్?" అన్నాను.

వద్దన్నాడు.

ప్రాణం దక్కింది. మూడు వారాల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆడబిడ్డ మొదట్నుంచీ చెప్పేది. "పోయొస్త అని నవ్వుకుంట పోయిండట నా తమ్ముడు," అనేది. నవ్వుకుంటా అన్నది ఆమె కలిపింది. నేను పక్కన కూర్చుని తల ఊపేదాన్ని. వినగా వినగా నాకే ఆ నవ్వు కనపడటం మొదలైంది, గుమ్మంలో డబ్బా పట్టుకుని నవ్వుతున్న మనిషి. నేను వెనక్కి తిరిగి చూడనే లేదని, నాకు కనపడే అవకాశమే లేదని బలవంతంగా గుర్తు చేసుకోవాల్సి వచ్చేది.

కుడిచెయ్యి పోయింది. కాలు ఈడుస్తూ నడుస్తాడు. మాటల్లో ఒక్కటే మిగిలింది, "అవు". ఆకలైతుందా అంటే అవు. కడుపు నిండిందా అన్నా అవు. మొదట్లో నాకు పిచ్చెక్కేది. ఒకరోజు అరిచాను కూడా, జన్మలో అరవనిదాన్ని.

మాట నేర్పే ఒక గుజరాతీ అమ్మాయి కతర్‌గామ్ నుంచి బస్సులో వచ్చేది. ఆమె చెప్పింది, ఏది అడిగినా రెండు రకాలుగా అడగమని. ముందు ఒకలాగా, తర్వాత దానికి ఎదురుగా. రెండింటికీ అవునంటే అర్థం కాలేదన్నట్టు. నెలల తరబడి అలాగే అడిగాను. చాయ్ గావాల్నా? చాయ్ వద్దా? ఫ్యాను బంద్ జెయ్యాల్నా? ఉండనియ్యాల్నా? మెల్లగా దారికొచ్చాడు. మొదటిదానికి ఇప్పటికీ ఆలోచించకుండా అవు అనేస్తాడు, అది నోటి అలవాటు. రెండోదాన్ని మాత్రం వింటాడు. ముందుకు వంగి, నుదురు ముడేసి, నా పెదవుల వైపే చూస్తాడు. కాదనుకుంటే తల అడ్డంగా ఊపుతాడు. ఆ తలాడింపు తప్పడం నేను చూడలేదు. మా ఇద్దరికీ నిజం అక్కడే తేలుతుంది.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, గదిలో మేమిద్దరమే ఉన్నాం. అతను మంచం మీద కూర్చున్నాడు. అన్నాళ్లుగా గొంతులో పెట్టుకుని తిరిగింది ఎందుకో ఆ రోజు ఆగలేదు.

"ఆ పొద్దు గుమ్మంల నిలవడ్డవు జూడు," అన్నాను. "నా మీద కోపంతోనే మాట్లాడలే గదా నువ్వు?"

"అవు," అన్నాడు వెంటనే.

గుండె మీంచి బరువు దిగినట్టయింది, ఒక్క క్షణం. అతను ముందుకు వంగాడు. నుదురు ముడేసి నా పెదవుల వైపు చూశాడు. రెండోది ఏమని అడగాలో నాకు తెలుసు. నన్ను పిలుద్దామంటే మాట రాలేదా? అంతే. ఆరేళ్ల పిల్లకైనా అర్థమయ్యే ప్రశ్న.

నేను అడగలేదు. అతను అలాగే వంగి, నా నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు, నేను లేచి బయటికి పోయేదాకా.