మేజర్ కాళ్ళ కింది మనిషి

ఖొంజాఫికి అనుమానం ఎక్కువ. ఊళ్ళో అందరూ అనే మాటే ఇది, అబద్ధం కాదు. రొట్టె కొంటే వాసన చూసి కొంటుంది. చర్చిలో పాస్టరు కళ్ళు మూసుకోమంటే ఒక కన్ను తెరిచే ఉంచుతుంది. కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాణ్ణి గేటు బయటే నిలబెట్టి, "ఆ కార్డు మీద మొహం నీది కాదు, పో" అని ఓసారి వెనక్కి పంపేసింది. పాపం, ఫోటో దిగాక అతను గడ్డం పెంచాడు, అంతే. అనుమానం పెనుభూతం అంటారు గానీ ఖొంజాఫి దగ్గర అది పెంపుడు కుక్కలా పడి ఉంటుంది. ఎవరొచ్చినా ముందు అదే మొరుగుతుంది.

అరవై తొమ్మిదేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళుగా ఎల్డ్రెడ్‌విల్ టౌన్‌హాలు ఎదురుగా, రోడ్డుకి ఇవతల, ఉడికించిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతోంది. రోడ్డుకి అవతల, పెద్ద నల్లరాతి దిమ్మ మీద, కంచు విగ్రహమై మేజర్ ఎల్డ్రెడ్. తెల్లదొరల ఏలుబడిలో, గుడిసె పన్ను కట్టలేదని లోయలో నలభై ఇళ్ళు తగలబెట్టించి, పశువుల్ని తోలుకుపోయిన మహానుభావుడు. ఊరికి పేరూ ఆయనదే. ఇళ్ళు తగలబడినవాళ్ళ మునిమనవలే ఇప్పుడు ఊళ్ళో సగం మంది. రోజూ ఆయన నీడలోంచే పనికి వెళ్ళొస్తారు.

ఖొంజాఫి పొద్దున్నే కుండ దింపుకుని, అటువైపు తిరిగి, తల వంచి ఏదో గొణుగుతుంది. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. అది చూసి తెల్లవాళ్ళలో ముసలివాళ్ళు ముచ్చటపడేవారు. కుర్రకారు మాత్రం ఆమెకి 'మేజర్ పెళ్ళాం' అని పేరు పెట్టింది. ఆ పేరు ఆమె చెవిన పడకుండా ఏమీ లేదు. పెట్టినవాళ్ళకి పొత్తుల్లో ముదురువి ఏరి ఇచ్చేది.

అసలు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి తనకే నమ్మకం లేదు మరి.

ఆమె తండ్రి వెలాఫి మున్సిపాలిటీలో కూలి. పందొమ్మిది వందల అరవై ఒకటిలో, మేజర్ విగ్రహాన్ని రైల్వేస్టేషన్ దగ్గర్నుంచి టౌన్‌హాలు ముందుకి మార్చారు. ఆ పనికి వెళ్ళినవాడు ఇంటికి రాలేదు. నాలుగు రోజులకి ఆఫీసునుంచి ఒక తెల్లాయన మొక్కజొన్న పిండి బస్తా, ఒక దుప్పటీ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. తల్లి చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. వెలాఫి ఊపిరితిత్తుల జబ్బుతో పట్నం ఆస్పత్రిలో పోయాడని ఆ కాగితం చెప్పింది. అప్పటికి ఖొంజాఫికి తొమ్మిదేళ్ళు. నాన్న ఒక్కసారి దగ్గగా కూడా ఆమె వినలేదు.

మా ఆచారంలో, ఇంటికి దూరంగా చనిపోయిన మనిషి ఆత్మని, పోయినచోటికే వెళ్ళి, అడవిరేగు కొమ్మతో పిలుచుకు రావాలి. పిలవకపోతే అక్కడే నిలబడిపోతాడు. వెలాఫి తమ్ముడు కొమ్మ పట్టుకుని పట్నం వెళ్ళాడు. ఆస్పత్రి మంచం దగ్గర అన్నని పిలిచి, దారిలో ఎవరితోనూ పలక్కుండా బస్సులో తీసుకొచ్చాడు. మేకని కోశారు. అంతా పద్ధతిగానే జరిగింది. కానీ తల్లి బతికినన్నాళ్ళూ ఆమెకి ఒకటే కల. వెలాఫి ఒళ్ళంతా దుమ్ముతో, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, "ఇంకా ఎవరూ రాలేదేం?" అని అడుగుతాడు.

ఖొంజాఫికి ముప్పై తొమ్మిదేళ్ళప్పుడు, నాన్నతో పనిచేసిన ముసలి సితేబె తాగి నోరు జారాడు.

"ఏ ఆస్పత్రే పిల్లా? గొలుసు తెగింది. రాయి ఎడమ మూల మీ నాన్న మీద పడింది. బండి వచ్చేలోపే పోయాడు. బయట చెప్తే పని ఊడుద్దన్నారు, నోళ్ళు కుట్టుకున్నాం."

మర్నాడు పొద్దున్న వెళ్ళి అడిగితే, "నేనేం అన్లేదే!" అన్నాడు. తాగినవాణ్ణి నమ్మాలా, దిగినవాణ్ణి నమ్మాలా? వేరే ఎవరైనా ఎవర్నో ఒకర్ని నమ్మేవారు. ఖొంజాఫి ఇద్దర్నీ నమ్మలేదు. నమ్మి ఉంటే ఆ రోజే కొమ్మ పట్టుకెళ్ళేది, నమ్మకపోతే ఇంటికెళ్ళి పడుకునేది. రెండూ చెయ్యలేక, కుండ తెచ్చి ఆ రాయికి ఎదురుగా పెట్టుకుంది. రోజూ పొద్దున్నే ఆమె గొణిగేది ఒకటే మాట: "ఉన్నావో లేదో తెలీదు గానీ నాన్నా, తెల్లారింది." అనుమానం మనిషిని ఇంతపని చేస్తుంది. ముప్పై ఏళ్ళు రోడ్డు దాటనివ్వదు.

సితేబె పోయాడు. తల్లి పోయింది. మేజర్ మాత్రం పావురాల రెట్టలు మోస్తూ అలాగే ఉన్నాడు. ఆఖరికి విగ్రహం తీసెయ్యాలని ఊళ్ళో గొడవ లేచింది. కాలేజీ పిల్ల సెబెంజిలె సంతకాలు పోగుచేసింది. టౌన్‌హాల్లో మీటింగు పెట్టారు.

ఖొంజాఫి వెనక బెంచీలో కూర్చుని అందరి మొహాలూ చూసింది. తీసేద్దామనేవాళ్ళ మీద ఆమెకి నమ్మకం లేదు. ఇన్నాళ్ళూ లేనిది ఎలక్షన్ల ముందే ఎందుకు గుర్తొచ్చింది? ఉంచుదామనేవాళ్ళ మీద అసలే లేదు. ఒకడు చరిత్రని చెరపకూడదన్నాడు. "మా ఇళ్ళు చెరిపినప్పుడు ఏ చరిత్ర అడ్డొచ్చింది?" అని సెబెంజిలె లేచింది. పాము చావకుండా కర్ర విరక్కుండా, విగ్రహం ఉంచి పక్కన నిజం రాసిన బోర్డు పెడదామని ఇంకొకాయన అన్నాడు. "ముందు నీళ్ళు రప్పించండి, తర్వాత ఏ బొమ్మైనా పీక్కోండి" అని ఒకావిడ బిందె ఎత్తి చూపించింది.

అప్పుడు ప్రిచర్డ్ లేచాడు. రిటైరైన స్కూలు మాస్టారు, ఊరి పాత కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. మేజర్ ఎన్ని వంతెనలు కట్టించాడో చదివి, చివర్లో అద్దాలు సవరించుకుని ఇంకో మాట కలిపాడు.

"ఇంకొకటి. విగ్రహాన్ని ఇక్కడికి మార్చినప్పుడు ఎవరి ప్రాణమూ పోలేదు. రికార్డులో స్పష్టంగా ఉంది."

ఖొంజాఫి వెన్ను నిటారుగా అయింది. ఎవరడిగారు? హాల్లో ఒక్కళ్ళు కూడా ఆ ఊసెత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ రికార్డు రాసినవాడు అరవై ఏళ్ళనాడే భుజాలు తడుముకుని పెట్టాడన్నమాట. ఏ ప్రాణమూ పోని పనిలో ప్రాణం పోలేదని ఎవడు రాస్తాడు? సితేబె మాట చెయ్యలేని పని ఆ కాగితం చేసింది. జీవితంలో మొదటిసారి ఆమెకి ఒక సంగతి రూఢిగా తెలిసింది. కళ్ళు చెమర్చాయి, కోపం కూడా వచ్చింది.

ఆమె లేచి నిలబడింది. "బొమ్మ సరే. కింద రాయో?"

"పగలగొట్టి రోడ్డు గుంతల్లో పోస్తాం గోగో!" అన్నాడు కౌన్సిలరు. మా దగ్గర ముసలావిడ ఎవరైనా గోగోయే, అమ్మమ్మే. చప్పట్లు మోగాయి.

సెబెంజిలె వెనక్కి తిరిగింది. "నీకెందుకు గోగో రాయి మీద అంత బెంగ? ఎవరు పంపారు నిన్ను?"

"నన్ను పంపేవాడు ఇంకా పుట్టలేదే. పుట్టాక చెప్తాలే."

అందరూ నవ్వారు. సెబెంజిలె నవ్వలేదు. ఆ పిల్లకీ అనుమానమే, కాకపోతే చదువుకున్న అనుమానం. విగ్రహం వచ్చే గురువారం తీస్తారని తేల్చారు.

ఆదివారం ఖొంజాఫి నది అవతల పుట్టింటికి వెళ్ళింది. తమ్ముడు భేకాని పశువుల దొడ్డి దగ్గర కంచె బాగుచేస్తున్నాడు. సంగతంతా విని సుత్తి కింద పెట్టాడు.

"మళ్ళీ మొదలెట్టావా అక్కా? బాబాయ్ తీసుకొచ్చాడు, మేకని కోశాం, నాన్న ఇంట్లోనే ఉన్నాడు."

"ఉంటే అమ్మ కలలోకి దుమ్ము కొట్టుకుని ఎందుకొచ్చాడ్రా?"

"ఒకసారి తెచ్చినవాణ్ణి మళ్ళీ తేబోతే అంతకన్నా అవమానం ఉందా? పోనీ అక్కడ వేరేవాడెవడో నిలబడి ఉన్నాడనుకో. ఎవరి దయ్యాన్నో పట్టుకొచ్చి ఇంట్లో పెడతావా? అయినా పెళ్ళయి వెళ్ళిన ఆడదానివి, ఇది నీ పని కాదు."

"పని ఉన్నవాడు చేస్తే నాకెందుకురా ఈ తిప్పలు?"

భేకాని మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఆమె దొడ్డి వెనక్కి వెళ్ళి, అడవిరేగు చెట్టునుంచి ఒక కొమ్మ కోసుకుంది. ఒక ముల్లు ముందుకి, ఒక ముల్లు వెనక్కి వంగి ఉన్న మంచి కొమ్మ. తమ్ముడు చూశాడు. ఆపలేదు, పొమ్మనీ అనలేదు.

గురువారం పొద్దున్న క్రేను ఇంకా దూరంలో ఉండగానే, ఖొంజాఫి రోడ్డు దాటింది. చుట్టూ కట్టిన ప్లాస్టిక్ రిబ్బను కిందనుంచి దూరి, రాయి ఎడమ మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. పైకి చూడలేదు. కొమ్మని రాతికి ఆనించింది.

"నాన్నా, వెలాఫీ, మ్చును వంశం వాడా, నేను ఖొంజాఫిని. బాబాయ్ తప్పుచోటికి వెళ్ళాడు. కాగితం అబద్ధం చెప్పింది. నేనూ ముప్పై ఏళ్ళు ఎదురుగా కూర్చుని రాలేదు, తప్పు నాది. లే, ఇంటికి పోదాం."

కొమ్మ ఎత్తుకుని లేచింది. ఇక ఇల్లు చేరేదాకా నాన్నతో తప్ప మనిషన్నవాడితో పలకకూడదు. పలికితే ఆయన వెనక్కి వెళ్ళిపోతాడు. రేపటికి అక్కడ రాయి కూడా ఉండదు.

నాలుగడుగులు వేసిందో లేదో కాపలా అతను, ముసా, అడ్డంగా వచ్చాడు.

"ఏయ్ గోగో! లోపలికి ఎవరు రానిచ్చారు? ఏం పెట్టావక్కడ?"

ఖొంజాఫి పెదవులు బిగించింది. అప్పటికే సెబెంజిలె గుంపుతో వచ్చేసింది, చేతిలో ఫోను.

"నే చెప్పలా? రాయికి మందు పెట్టింది! మేజర్ కదలకుండా మందు పెట్టింది!"

"మాట్లాడవేం మామ్మా? రోజూ ఊరందర్నీ తిట్టే నోరు, ఇవాళ ఏమైంది?"

"డబ్బులిచ్చి నోరు కుట్టుంటారు!"

ముసా దగ్గరికొచ్చి ఆమె చేతిలోది చూశాడు. మొహం మారింది. టోపీ తీశాడు. "అది మందు కాదు. తెలీకపోతే నోర్ముయ్యండి. ఎవర్నో తీసుకెళ్తోంది."

"ఎవర్ని?" అంది సెబెంజిలె. "అక్కడున్నది ఒక్కడే. మేజర్ని తీసుకుపోతోంది! మేజర్ పెళ్ళాం మొగుణ్ణి ఇంటికి తీసుకుపోతోంది!"

గుంపు ఈలలు వేసింది. ఎవరో విసిరిన పొత్తు బెండు ఆమె భుజానికి తగిలింది. అంతకన్నా ఘోరం ఇంకొకటి జరిగింది. ప్రిచర్డ్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, తడికళ్ళతో ఆమె ముందు తల వంచాడు.

"థాంక్యూ అమ్మా. ఆయన్ని గౌరవించే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరైనా ఉన్నారు."

ఒక్క మాట చాలు. 'మా నాన్న' అంటే చాలు, గుంపు నోరూ ప్రిచర్డ్ నోరూ ఒక్క దెబ్బకి మూతపడతాయి. బతుకంతా ఎవరి మాటా అప్పు ఉంచుకోని మనిషి. ఆ మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది. ఖొంజాఫి నాలుకని పళ్ళకింద పెట్టి కొరికింది, నోట్లో ఉప్పగా తగిలింది. కొమ్మని రొమ్ముకి అదుముకుని కళ్ళు దించుకుంది.

ముసా రిబ్బను ఎత్తి పట్టుకున్నాడు. "ఎవరైతే మనకేంటి? ఆ కొమ్మకి దారి అడ్డం నిలబడితే మీ ఇళ్ళలో పెద్దలు ఊరుకోరు. జరగండి." ఒక్కొక్కరే జరిగారు. సెబెంజిలె ఫోను మాత్రం దించలేదు.

టాక్సీ వ్యాన్ల స్టాండులో ఖొంజాఫి రెండు వేళ్ళు చూపించింది. "రెండో సీటెవరికి?" అన్నాడు డ్రైవరు, తిరిగి కొమ్మ చూసి రేడియో కట్టేశాడు. కిటికీ పక్క సీటులో కొమ్మ. జనం నిండి బండి కదిలేసరికి మధ్యాహ్నమైంది. కిక్కిరిసినా ఆ సీటు జోలికి ఎవరూ పోలేదు.

వంతెన దగ్గర ఆమె కొమ్మవైపు వంగింది. "నాన్నా, నది దాటుతున్నాం."

అప్పుడే వెనకనుంచి ఒక లారీ హారను కొడుతూ దాటేసింది. పట్టా కింద మేజర్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కత్తి మొన మాత్రం బయటికి పొడుచుకొచ్చింది. టాక్సీలో వాళ్ళు కిటికీలు తెరిచి కేకలు పెట్టారు. ఈయన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు, మళ్ళీ ఎవరి నెత్తిన నిలబెడతారు? పడుకోబెట్టినా ఖొంజాఫికి ఆయన మీద నమ్మకం కుదరలేదు.

"అటు చూడకు నాన్నా," అంది. "ఆ బండి మనది కాదు."

ఇంటి గేటు దగ్గర భేకాని నిలబడి ఉన్నాడు. దొడ్డిలో మేక కట్టేసి ఉంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు గానీ గేటుకి అడ్డంగానే ఉన్నాడు. ఊళ్ళో ఫోన్లు ముందే మోగినట్టున్నాయి.

"అక్కా, వీడియో చూశాను. నాన్నేనని నీకెలా తెలుసు? మనవాడు కాకపోతే?"

ఖొంజాఫి పలకలేదు. ఒక చేత్తో తమ్ముణ్ణి పక్కకి జరిపి, లోపలికి నడిచి, పెద్ద గుడిసెలో వెనకగోడ దగ్గర, పెద్దల చోట, కొమ్మని పడుకోబెట్టింది. నేల మీద కూర్చుంది. పొద్దున్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది. అప్పుడు నోరు విప్పింది.

"కాకపోతే ఏంట్రా? అరవై ఏళ్ళు ఆ మేజర్ కాళ్ళ కింద నిలబడ్డవాడు ఎవడైతేనేం, ఎవరికో ఒకరికి నాన్నేగా. ఎండన పడి వచ్చాడు, ముందు మంచినీళ్ళు పెట్టు."

భేకాని నీళ్ళు తేవడానికి వెళ్ళాడు.