గుట్ట మీద పోసిన ముగ్గు

2007, మార్చి నెల. మేడ్చల్ బస్టాండు వెనక సందులో నాకొక చిన్న సర్వే ఆఫీసు ఉండేది. ఒక టేబులు, రెండు కుర్చీలు, మూలన ట్రైపాడు, ఎప్పుడూ బ్యాటరీ చార్జింగులో ఉండే టోటల్ స్టేషన్. టోటల్ స్టేషన్ అంటే మూడు కాళ్ల స్టాండు మీద బిగించి దూరం, కోణం, ఎత్తు మూడూ ఒకేసారి కొలిచే యంత్రం. ఊళ్లల్లో దాన్ని 'మిషిను' అనేవారు. మిషిను దిగిందంటే ఎవరి పొలానికి మూడిందో అని జనం భయపడే రోజులవి. కొంపల్లి నుంచి గుండ్లపోచంపల్లి దాకా జొన్న చేలన్నీ ప్లాట్లవుతున్నాయి. అవుటర్ రోడ్డు కోసం కొలతలు జరుగుతున్నాయి. నాకు ఊపిరి తీసుకునే తీరిక ఉండేది కాదు. కోపం ముక్కు మీద ఉండే మనిషిని, పని ఎక్కువైతే ఇంకా ఎక్కువ.

అలాంటప్పుడు ఒక వింత పని వచ్చింది. షామీర్‌పేట అవతల ఒక ఊరు, పేరు రాయను. సిటీలో ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన ఆ ఊరి గుట్ట కింద తోట కొన్నాడు. ఆదివారం వస్తే స్నేహితులతో కలిసి లావు టైర్ల సైకిళ్లేసుకుని రాళ్లలో, ముళ్లలో తిరిగేవాడు. వాటిని మౌంటెన్ బైకులంటారని అప్పుడే నాకు తెలిసింది. ఆ గుట్ట మీద సైకిళ్లకు ట్రెయిల్ వేయించి, కింద పిల్లలకు చిన్న పార్కు కట్టిస్తానన్నాడు. ట్రెయిల్ అంటే రోడ్డు కాదు, రెండడుగుల మట్టి బాట. గుట్ట సర్కారుది కాబట్టి ఊరి గ్రామసభ తీర్మానం కావాలి. తీర్మానానికి మ్యాపు కావాలి. అదీ నా పని.

"మంచి రంగుల్లో డ్రాయింగ్ చెయ్యండి, ఊరివాళ్లకు నచ్చాలి" అన్నాడాయన. ఆ వెంటనే, "రెండో షీటు కూడా ఒకటి వెయ్యండి. గుట్ట చుట్టూ ఇనుప జాలి ఫెన్సింగు, కింద ఒకటే గేటు. అది మాత్రం గ్రామసభలో పెట్టకండి. తీర్మానం అయ్యాక చూసుకుందాం" అన్నాడు.

"మరి గుట్ట మీద గొర్రెలు మేపేవాళ్లున్నారు కదండీ?"

"వాళ్లకేం, బోలెడు చోట్లున్నాయి."

నేను ఇంకేం అడగలేదు. గీతలు గీయడం నా పని, ఆ గీతలతో ఏం చేస్తారన్నది వాళ్ల పని. అప్పటికి పన్నెండేళ్లుగా ఆ మాటతోనే నన్ను నేను ఒప్పించుకుంటున్నాను. గుట్ట చుట్టూ కొలతలు తీసి, బాట ఒక్కటి మిగిల్చి రెండు షీట్లూ గీసి, చుట్టి ప్లాస్టిక్ ట్యూబులో పెట్టుకున్నాను.

నా దగ్గర యాదగిరి అని చైన్‌మన్ ఉండేవాడు. టేపు పట్టడం, మేకులు కొట్టడం చైన్‌మన్ పని. యాదగిరికి యాభై దాటాయి, మాట తక్కువ. ఇద్దరం గుట్టెక్కి అలైన్‌మెంటు వెతకడం మొదలుపెట్టాం. బాట ఏ చోటు నుంచి ఏ చోటుకు ఎలా పోవాలో తేల్చడమే అలైన్‌మెంటు. సైకిల్ బాట పది మీటర్లు పోతే ఒక మీటరుకు మించి ఎక్కకూడదు. ఎక్కితే తొక్కేవాడి రొమ్ము ఎగిసిపోతుంది, వానకు బాట కోసుకుపోతుంది. అంత రాతిగుట్టలో అలాంటి వాలు ఎక్కడ దొరుకుతుందా అని నేను తల పట్టుకుంటే, తూర్పు వైపు పొదల మధ్య తయారుగా ఒక బాట కనిపించింది. సరిగ్గా రెండడుగులు. వాలు కొలిస్తే మిషిను కూడా మెచ్చుకునేలా ఉంది. పైన బండల మధ్య నీటి గుంట దగ్గర మొదలై, మెలికలు తిరుగుతూ కింది దాకా దిగింది.

"గిది గొర్ల తొవ్వ సారూ" అన్నాడు యాదగిరి.

"అందుకే ఇంత బాగుంది. ముగ్గు పొయ్యి" అన్నాను.

పునాదికైనా రోడ్డుకైనా సున్నం పొడితో నేల మీద గీత వేయడాన్ని ముగ్గు పోయడం అంటాం. రెండు రోజులు ముగ్గు పోశాం. కింది నుంచి చూస్తే గుట్టకు తెల్లటి చార పడింది. ఎంత బాగుందో అనుకున్నానే గానీ, ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో తెల్ల గీత అంటే ఏమిటో నా బుర్రకు తట్టలేదు. ఊరివాళ్లను పిలిచి ఒక్క మాట చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. గ్రామసభ ఇంకా పది రోజులుంది, అప్పుడు రంగుల మ్యాపు చూస్తారులే అనుకున్నాను.

మూడో రోజు పొద్దున పదింటికి వెళ్లేసరికి ముగ్గు లేదు. చెప్పులతో, కొమ్మలతో చెరిపేశారు. మేకులన్నీ పీకి ఒకచోట కుప్ప పోశారు. ముప్పై నలభై మంది నిలబడి ఉన్నారు, కొందరి చేతుల్లో గొర్రెలను తోలే కట్టెలున్నాయి. భయం వేస్తే నాకు ముందొచ్చేది కోపమే.

"ఎవరు పీకిన్రు? రెండు రోజుల పని!" అని అరిచాను.

గుంపులోంచి ఒక పెద్దామె ముందుకొచ్చింది. సన్నగా, నల్లగా, చేతిలో కట్టెతో. పేరు ఐలవ్వ అనీ, గుట్ట మీద తిరిగే మందల్లో పెద్ద మంద ఆమెదేననీ తర్వాత తెలిసింది. వచ్చి ట్రైపాడు కాలు పట్టుకుని అక్కడే కూర్చుంది.

"నేనే పీకిన. ఏం జేస్తవ్? గీ మిషిను కదలదు ఇయ్యాల. ముగ్గు పోసిన్రంటే ప్లాట్లు జేస్తున్నట్టే గద. మాకు తెల్వదనుకున్నవా?"

"ప్లాట్లు కాదవ్వా! సైకిల్ తొవ్వ!"

"సైకిల్‌కు గుట్టెందుకు బిడ్డా? కింద రోడ్డు లేదా?"

అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. రంగుల షీటు తీసి బండ మీద పరిచి, ఇది ట్రెయిల్, ఇది పార్కు, ఇవి ఉయ్యాలలు అని గడగడా చెప్పాను. అంతలో సర్పంచ్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఆయనకు సైకిల్ బాట సంగతి తెలుసు. "నేను జెప్త ఇనుండ్రి, ఆటలకు గది. ఊరికి పేరొస్తది" అని నచ్చజెప్పబోయాడు. గుంపు కాస్త మెత్తబడింది. గండం గడిచిందనుకున్నాను.

ఐలవ్వ మాత్రం ట్రైపాడు కాలు వదల్లేదు. షీటు వైపు చూడను కూడా చూడలేదు. నా ముఖం చూసి అడిగింది.

"దీనికి గేటు ఉంటదా?"

ట్యూబులో రెండో షీటు ఉంది. ఆమె ఎలా కనిపెట్టిందా అని హడలిపోయాను. ఆమె కనిపెట్టిందేమీ లేదు. "మా ఆడిబిడ్డోళ్ల ఊర్ల గిట్లనే పార్కన్నరు. ఇప్పుడు గేటుకు తాళం. గొర్లు బయట నిలవడి ఒర్లుతయ్. మాకు ఎండకాలం నీళ్లున్నది గీ గుట్ట మీదనే. గేటు వడితె నేను మంద అమ్ముకోవుడే. గందుకే అడుగుతున్న" అంది.

"నాకు తెల్వదవ్వా. నేను సర్వేయర్ని, కొలుచుడే నా పని" అని నీళ్లు నమిలాను.

"తెల్వదా? ఐతె మన్ను ఎత్తుకో."

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. హద్దు తగాదా ముదిరితే కాగితాలు పక్కన పెడతారు. 'ఇదే హద్దు' అన్నవాడు ఆ హద్దు మీది మట్టిపెళ్ల నెత్తిన పెట్టుకుని, చెప్పులు విడిచి, అందరూ చూస్తుండగా ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. నోటితో అబద్ధమాడినవాడు కూడా నెత్తిన మన్నుంటే ఆడడని వాళ్ల నమ్మకం. ఇలాంటివి విని అంతకుముందు ఎన్నిసార్లు నవ్వుకున్నానో. మిషిను ఉండగా మట్టిపెళ్ల ఎందుకు అనేవాణ్ని.

సర్పంచ్ చేతులు పిసుక్కుంటూ, "ఒకపాలి నడువుండ్రి సర్వేయర్ సాబ్, వాళ్ల మనసు కుదుటవడ్తది. తెల్వకుంటె తెల్వదనే గద మీరు జెప్పేది" అన్నాడు.

నడిచేస్తే పోలా అనుకున్నాను. నాకు మొక్కులూ ఒట్లూ పట్టింపు లేదు. చెప్పులు విప్పాను. ఐలవ్వే లేచి బాట మీది మట్టిపెళ్ల తీసి నా చేతికిచ్చింది. నెత్తిన పెట్టుకుని కదిలాను. మార్చి ఎండకు బండ కాలుతోంది. మట్టి రాలి మెడ మీదుగా చొక్కాలోకి జారుతోంది. వెనక నలభై మంది అడుగుల చప్పుడు, దూరంగా గొర్రెల అరుపులు. పక్కన యాదగిరి భుజాన ఆ ట్యూబు. వాడికి అందులో ఏముందో తెలుసు, ఆ షీటుకు కొలతలు పట్టింది వాడే. వాడు నా వైపు చూడకుండా నేల చూస్తూ నడుస్తున్నాడు. ఆ మనిషి నాతో పదేళ్లుగా పనిచేస్తున్నాడు, వాడి ముందు అబద్ధపు మన్ను మోస్తున్నానని తలకొట్టేసినట్టయింది.

యాభై అడుగులు పోయానో లేదో, మేము ఫెన్సింగుకు గుర్తు పెట్టుకున్న బండ వచ్చింది. రేపు అక్కడ జాలి వస్తుంది. గొర్రెలు అక్కడి దాకా వచ్చి ఆగిపోతాయి. నా కాళ్లు ముందుకు పడలేదు. ప్రయత్నించాను, పడలేదు.

మన్ను నేల మీద దించాను. యాదగిరి దగ్గర ట్యూబు తీసుకుని రెండో షీటు బయటికి లాగి అందరి ముందూ పరిచాను.

"తెల్వదన్నది అబద్ధం. గేటుంది. సుట్టూ జాలి గూడ ఉంది. గిది మీకు సూపెట్టొద్దన్నరు."

ముందు పేలింది సర్పంచ్. "నన్ను గూడ మోసం జేసిన్రు గద! ఊర్ల నా ముఖమెట్ల జూపెట్టుకోవాలె?" అని షీటు చింపబోయాడు. కట్టెలు పైకి లేచాయి. ఎవడో నా కాలరు పట్టుకున్నాడు. ఇక అయిపోయింది నా పని అనుకున్నాను.

ఐలవ్వ ముందుకొచ్చి, నా కాలరు మీది చెయ్యి తీసేసింది. "ఇడువుండ్రి. మన్ను దించిండు గద" అంది. తర్వాత నాతో, "ఇగ తొవ్వ మేం జూపెడ్తం నడువు. జాలి లేకుంటె సైకిల్లు రానీ, మాకేంది" అంది.

ఆ రోజూ మర్నాడూ ఊరు ముందు నడిచింది, నేను వెనక నడిచాను. నా చదువుకు ముఖం చెల్లకుండా పోయింది. నేను ముగ్గు పోసిన బాట సగంలో పెద్ద బండ చుట్టూ మూల తిరుగుతుంది. అవతల ఏముందో ఇవతలికి కనబడదు, దాన్ని బ్లైండ్ టర్న్ అంటాం. సాయంత్రం నీళ్లు తాగిన మందలన్నీ సరిగ్గా ఆ మూల నుంచే దిగుతాయట.

"పై నుంచి సైకిలోడు ఉరికొస్తడు, కింద నా గొర్లు ఎదురొస్తయ్. వాడు సస్తడు, గొర్రె సస్తది. ముందుగాల ఎవరి కోసం ఏడ్వాలె?" అంది ఐలవ్వ.

ఆ మూల గురించి నేను గీతలో కొలత వేశానే తప్ప, ఎదురుగా ఎవరైనా వస్తారని అనుకోలేదు. వాళ్లు పడమటి వైపు ఇంకో దారి చూపించారు. అటు గొర్రెలు పోవు, గడ్డి తక్కువ. సీతాఫలాల కాలంలో ఆడవాళ్లు తిరిగే పొదలు ఎక్కడో, వానకు నీళ్లు దూకే చోటు ఎక్కడో, తేనెతుట్టెలు ఏ బండ కింద పడతాయో అన్నీ చెప్పారు. వాళ్లు నడిచిన చోటల్లా యాదగిరి రాళ్లు పేర్చాడు. ఈసారి ముగ్గు పోయలేదు.

క్లయింటుకు ఫోన్ చేసి చెప్పాను. "మీరు నా సర్వేయరా, వాళ్ల సర్వేయరా?" అని ఆయన అరిచాడు. నేనూ ఊరుకోలేదు, "బాట మీద ఎవరైనా చస్తే డ్రాయింగ్ మీద సంతకం నాది" అని అరిచాను. గ్రామసభకు వస్తాడో రాడో తెలియదు. ఆయన రాకపోతే బాటా లేదు, పార్కూ లేదు. నేను అబద్ధమాడకపోయి ఉంటే ఈ గొడవ ఇంత దూరం వచ్చేది కాదు కదా అని ఆ వారమంతా అన్నం సయించలేదు.

వచ్చాడు. బడి వరండాలో సభ. ఫెన్సింగు లేకపోతే ఎలా, ఎవరు కాపలా అని గంట సేపు వాదించాడు. "పొద్దుగూకెదాక గుట్ట మీద మేమే ఉంటం గద సారూ, మాకంటె కాపలా ఎవలు?" అంది ఐలవ్వ. ఆయన చాలాసేపు కొత్త మ్యాపు చూశాడు. బ్లైండ్ టర్న్ సంగతి తన సైకిళ్లవాళ్లను అడిగానని, వాళ్లూ ప్రమాదమే అన్నారని చెప్పాడు. చివరికి ఒప్పుకున్నాడు. జాలి లేదు, గేటు లేదు, బాట పడమటి వైపు, సాయంత్రం నాలుగు దాటితే సైకిళ్లు దిగాలి. తీర్మానం చదివారు, ఐలవ్వ వేలిముద్ర వేసింది. మెట్లు దిగుతూ క్లయింటు, "మీతో నాకిదే ఆఖరు పని" అని నాతో అనేసి వెళ్లాడు.

పోతే పోయాడు. నాకు మాత్రం గాల్లో తేలుతున్నట్టుంది. ఐలవ్వ దగ్గరికి వెళ్లి, మెచ్చుకుంటుందన్న ఆశతోనే అన్నాను.

"చూసినవా అవ్వా, నిజం జెప్పిన గదా."

ఆమె వేలికంటిన సిరా కొంగుకు తుడుచుకుంటూ నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో.

"జెప్పినవ్ బిడ్డా. నేను అడిగినంక జెప్పినవ్. అడగనోళ్ల సంగతేంది?"

పన్నెండేళ్లలో నేను కొలిచిన ఊళ్లు ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. అక్కడ ఎవరికీ గేటు గురించి అడగాలని తెలియలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా, మిషిను దించకముందే ఉన్న షీట్లన్నీ పరిచి, ఏ గీత ఎవరి దారికి అడ్డమో నేనే మొదట చెబుతాను. కొన్ని పనులు పోయాయి, మాటలు పడ్డాను. అయినా ఆ పాత ఊళ్లల్లో నన్ను అడగని మనుషులకు చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఏ దారీ లేదు.