గద్ద వంతుకు మిగిలిన పల్లీలు

నా చిన్నప్పుడు గోదావరిఖని మొత్తంలో గద్దను పెంచిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. అది నా భుజం మీద కూర్చుని బడికి వచ్చేది. ఈల వేస్తే ఆకాశం నుంచి దిగేది. రెక్కలు విప్పితే మా క్వార్టర్ వాకిలంతా నీడ పరుచుకునేది.

సరే, కొంచెం తగ్గిస్తాను. అది గద్ద కాదు, గద్ద పిల్ల. ఒంటి మీద నూగు తప్ప ఈకల్లేవు. కూర్చున్నది నా భుజం మీద కాదు, మా నాన్న బొగ్గుబాయిలోకి పెట్టుకెళ్ళి పెట్టుకెళ్ళి పక్కన పడేసిన పాత టోపీలో. పెంచడమంటారా, ఒక సాయంత్రం నుంచి మర్నాటి సాయంత్రం దాకా. గాలిదుమారానికి క్వార్టర్ల వెనుక చింతచెట్టు మీది గూడు చెదిరిపోతే, కింద పడినదాన్ని ఎత్తుకొచ్చాను.

ఆ వారం మా నాన్నది రాత్రి షిఫ్టు. రాత్రి షిఫ్టు మనిషి నిద్రపోతున్న ఇంట్లో పగలు గిన్నె చప్పుడు కూడా వినిపించకూడదు. అది మా కాలనీ కట్టుబాటు. పక్కిళ్ళవాళ్ళు సైతం రేడియో గొంతు తగ్గించేవాళ్ళు. నిద్ర చాలని మనిషి బాయిలోకి దిగితే ఏమవుతుందో ఎవరూ పైకి అనేవారు కాదు, అందరికీ తెలుసు. అలాంటి ఇంట్లో నా గద్ద పిల్ల పొద్దున్నుంచీ గొంతు చించుకుంటోంది.

అన్నం పెట్టాను, తల విదిలించి పారేసింది. మిడతను పట్టుకొచ్చాను, మింగి మళ్ళీ నోరు తెరిచింది. ఇంకొకటి తెచ్చాను, అదీ మింగి అరిచింది. పెరట్లోకి, మోరీ కాలువ గట్టుకి, మళ్ళీ పెరట్లోకి, ఒకచోట కాలు నిలవకుండా ఉరికాను. పైన తల్లి గద్ద కూడా నాలాగే కుదురు లేకుండా తిరుగుతోంది. చివరికి నాన్న ఎర్రబడిన కళ్ళతో బయటికొచ్చాడు.

"పొద్దుగూకేలోపు దాన్ని ఎటన్న పంపియ్యి. లేకుంటే నేనే పారేసొస్త," అని మళ్ళీ వెళ్ళి ముసుగు పెట్టాడు.

అప్పుడే చర్చి నుంచి వచ్చిన పక్కింటి టీచరమ్మ గోడ మీదుగా ఇదంతా చూసింది. లోపలికెళ్ళి గిన్నె నిండా వేయించిన పల్లీలు తెచ్చి, చప్పుడు చేయకుండా ఆడే ఆట నేర్పుతానని మమ్మల్ని పిలిచింది. ఆటలో తను సూర్యుడట. మా చెల్లె గడ్డి, ఎదురింటి పిల్లవాడు మిడత, వాడి అన్న తొండ. గద్ద ఎవరని అడిగేలోపే అందరినీ తోసేసి నేను ముందుకొచ్చాను. రాజును నేనే కదా! నియమం ఒక్కటే. గిన్నె అందినవాళ్ళు తింటూ క్వార్టర్ల వరుస చుట్టి రావాలి, మిగిలింది పక్కవాడికివ్వాలి.

"టీచరమ్మా, గడ్డి ఉరకదు కద," అంది చెల్లె.

"ఉరకకున్నా పెరగాలె కదనే. కూసోని తిను."

అది కూర్చుని తీరిగ్గా నమిలింది. మిడత తింటూ ఉరికాడు. తొండ ఇంకా గట్టిగా ఉరికాడు, ఇంకా గట్టిగా తిన్నాడు. నేను మాత్రం ఒంటికాలి మీద ఎగురుతూ కాచుకున్నాను. చివరికి గిన్నె నా చేతికొచ్చింది. అడుగున రెండే పల్లీలు. అందులో ఒకటి పుచ్చిపోయినది.

నాన్న లేస్తాడని గుసగుసగానే కొట్లాటకు దిగాను. టీచరమ్మ నవ్వలేదు.

"మోసం కాదు బిడ్డా. వాళ్ళు తిన్నది ఏడికి పోయింది? ఉరుకుడుకు పోయింది, ఒంటి వేడికి పోయింది. వేడై పోయింది మళ్ల గిన్నెలకు రాదు. ఒంట్ల ఇంత మిగిలితే అదే పక్కదాని నోటికి అందేది. ఇప్పుడు చెప్పు, గద్ద కడుపు నిండాలంటే మొదటి గిన్నె ఎంత పెద్దగుండాలె?"

మా పెరట్లోని గడ్డి వైపు చూశాను. నా చాప కంటే పెద్దది కాదు. మోరీ గట్టు, మట్టిగుట్ట, దాని అవతల పొలాలు చూశాను. తల్లి గద్ద వాటన్నిటి మీదా తిరుగుతోంది. ఒక్క పిల్ల నోట్లోకి ఇంత నేల పోవాలి. నాకున్నవి రెండు కాళ్ళు.

పొద్దు వాలకముందే బట్టలారేసే తాడు విప్పుకుని, టోపీతో సహా పిల్లను మోసుకుంటూ చింతచెట్టు ఎక్కాను. తల్లి గద్ద నెత్తి మీదికి దూకుతున్నా బెదరకుండా టోపీని కొమ్మకు బిగించి దిగాను. గోడ చాటు నుంచి చూస్తుంటే అది గోళ్ళలో ఏదో వేలాడేసుకుని వచ్చి వాలింది. అరుపు ఆగిపోయింది. నాన్న ఇంకాసేపు పడుకున్నాడు. ఆ రాత్రి డ్యూటీకెళ్ళి తెల్లారి ఎప్పటిలాగే ఇంటికొచ్చాడు.

ఇప్పుడు రామగిరి వైపు బస్సులో వెళ్తుంటే బొగ్గు కోసం తవ్వి కొత్తగా పోసిన మట్టిగుట్టలు కనిపిస్తాయి. వాటి మీద పిట్ట కూడా తిరగదు. కొన్నేళ్ళకు గడ్డి మొలుస్తుంది, పురుగులు చేరతాయి, తొండలు వస్తాయి. ఎప్పటికో ఒక గద్ద వస్తుంది. బస్సులోవాళ్ళు చూస్తే పైకి చూస్తారు. నేను సీట్లో నిలవలేక కిటికీలోంచి మెడ చాపి దాని కింద గడ్డి ఎంత మేర ఉందో వెతుక్కుంటాను.

నిన్న ఇదంతా నస్పూర్‌లో ఉన్న మా చెల్లెకు ఫోన్లో చదివి వినిపించాను. చెట్టెక్కిన భాగం దగ్గర ఆపింది.

"చెట్టెక్కింది నేను. నువ్వు 'నా గద్దను నాకియ్యే' అని ఏడ్సుకుంట కింద నా కాలు పట్టి గుంజినవ్."