బొగ్గుల డిపో దాటేదాకా

ఇప్పుడంటే సినిమా చూసి ఏడవాలన్నా ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని ఏడుస్తున్నారు గానీ, మా రోజుల్లో ఏడుపు కూడా అందరం కలిసే ఏడ్చేవాళ్ళం. నేల టిక్కెట్లో మొదలైన ముక్కు చీదుడు బెంచీల మీదుగా కుర్చీలదాకా వచ్చేది. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి "ఊరుకోప్పా, సినిమానే గదా" అని మనల్ని ఓదార్చి, తను మాత్రం కండువా మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. అలాంటి ఏడుపు సినిమా ఒకటి నాకొచ్చిన ఉద్యోగాన్ని కాస్తలో పోగొట్టేదే. ఆ సంగతి చెబితే మా ఇంట్లో పిల్లలు నమ్మరు. మీరు మాత్రం నమ్మాలి, ఎందుకంటే ఇందులో నేను గొప్పగా కనిపించే చోటు ఒక్కటి కూడా లేదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మాది చిత్తూరు. నాయన బడిలో తెలుగు అయ్యవారు, నుదుట నామం లేకుండా గడప దాటి ఎరుగడు. నేను బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుమాస్తాను. గుమాస్తా అనగానే కుర్చీ, బల్ల, ఫ్యాను ఊహించుకోకండి. లారీల పక్కన ఎండలో నిలబడి ఏ లారీ ఏ తోటనుంచి వచ్చిందో రాసుకోవడం నా పని. అదైనా చెట్ల మీద కాయ ఉన్నన్నాళ్ళే. తోతాపురి అయిపోతే మా ఉద్యోగాలూ అయిపోయేవి. సాయంత్రం బస్సెక్కితే నా చొక్కా వాసనకు ఈగలు కూడా నాతోపాటు చిత్తూరుదాకా ప్రయాణం చేసేవి (వాటికి టిక్కెట్టు కొట్టమని కండక్టరు నన్ను రోజూ అడిగేవాడు, రోజూ తనే నవ్వుకునేవాడు).

ఆ ఫ్యాక్టరీలో మాకొక మేస్త్రీ ఉండేవాడు. ఆయన మీసాలు చూసి లారీ డ్రైవర్లు కూడా గొంతు తగ్గించేవాళ్ళు. ఒక శనివారం ఆయన నన్ను చిత్తూరులో సినిమాకు తీసుకుపోయాడు. కుక్క సినిమా అంటే సర్కసు మాదిరి ఉంటుందనుకుని వేరుశెనక్కాయలు కూడా కొనుక్కున్నాం. కథేమిటంటే, ఒక పడవవాడికి ఒక కుక్క. ఒక వానరోజు అతను రేవులో చెప్పులు విడిచి ఏట్లో దిగుతాడు, మళ్ళీ రాడు. కుక్క ఆ చెప్పుల దగ్గర కూర్చుంటుంది. ఎవరు పిలిచినా లేవదు, అన్నం పెడితే మూతి పెట్టదు. ఎండలు పోయి వానలొస్తాయి, వానలు పోయి చలి వస్తుంది, అది మాత్రం అక్కడే. ఆఖరుకు ఊరివాళ్ళు వచ్చి చూసేసరికి చెప్పుల మీద తల పెట్టుకుని పడుకుని ఉంటుంది, ఇక లేవదు. నా వేరుశెనక్కాయలు తడిసిపోయాయి. మేస్త్రీ సంగతి చెప్పనక్కరలేదు, ఆ మీసాలు రెండూ కిందికి వాలిపోయాయి. బయటికొచ్చాక ఆయన నా భుజం పట్టుకుని "మనుసులెందుకప్పా, మనుసులు! ఆ నోరులేనిదానికుండే ఇశ్వాసం మనకు యాడుండాది?" అన్నాడు. నేను ముక్కు తుడుచుకున్నాను.

సోమవారం సాయంత్రం ఆరింటికి మా వీధి మొదట్లో బస్సు దిగాను. టీ బంకు బల్ల కిందనుంచి ఒక ఎర్రకుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, నా పక్కన నడవడం మొదలుపెట్టింది. అంతకు ముందు కూడా అది అక్కడే ఉండేదేమో, నా పక్కనే నడిచేదేమో, నేను చూడలేదు. సినిమా కళ్ళు తెరిపించింది గదా, ఇప్పుడు చూశాను. మంగళవారం కూడా అదే బస్సు, అదే కుక్క. బుధవారానికి నాకు అర్థమైపోయింది, ఇది నాకోసమే కాచుకుని ఉంది. దానికి రాజా అని పేరు కూడా పెట్టేశాను.

నా నమ్మకానికి ఆధారాలు లేకపోలేదు. మా వీధి మధ్యలో బొగ్గుల డిపో ఉండేది, దాని ముందర మూడు నల్లకుక్కలు. అవి మమ్మల్ని చూసి మొరగగానే రాజా నా కాలికి అతుక్కుని, నా ప్యాంటు చాటునుంచి వాటి మీద గుర్రుమనేది. నన్ను కాపాడుతోందని నా కళ్ళు చెమర్చేవి. ఒకరోజు దానికి బిస్కెట్లు కొనిపెడితే వాసన చూసి వదిలేసింది. తిండి కోసం కాదు, ఒట్టి అభిమానంతో వస్తోందని దాంతో ఖాయమైంది. ఇక అన్నిటికంటే పెద్ద ఆధారం దాని మర్యాద. మా ఇల్లు వీధి చివర మలుపులో. మా అమ్మ మడి సంగతి తెలిసినవాళ్ళు మనుషులే మా గుమ్మం ముందు కాస్త ఎడంగా నిలబడేవాళ్ళు. రాజా అయితే మా అరుగు కనబడగానే ఆగి, నావైపు ఒకసారి చూసి, పక్కసందులోకి తిరిగి వెళ్ళిపోయేది. శ్రీవైష్ణవుల గడప తొక్కకూడదని ఒక వీధికుక్కకు ఎవరు నేర్పారా అని ఆశ్చర్యపోయేవాణ్ణి. (ఆ పక్కసందులో ఏముందో మీరు అడగవచ్చు. నాకు సరిగ్గా తెలియదు. అటువైపునుంచి ఏదో మసాలా వాసన వస్తే ముక్కు మూసుకుని ఇంట్లోకి పోవడమే తప్ప, ఆ సందులో మావాళ్ళెవరూ అడుగు పెట్టిన పాపాన పోలేదు.)

మూడు వారాలు ఇలా సుఖంగా గడిచాక రేణిగుంటనుంచి మా మేనమామ ఉత్తరం వచ్చింది. అక్కడ ఒక సరుకుల గోదాములో గుమాస్తా చోటు ఖాళీ అయిందట. పర్మనెంటు. వచ్చే సోమవారం పొద్దున పది గంటలకల్లా నేను వెళ్ళి చేరాలి, చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. నాయన ఆ ఉత్తరం మూడుసార్లు పైకి చదివాడు. "పర్మనెంటు" అన్నచోట ప్రతిసారీ ఆగాడు. మరుసటి ఏడు ఆయన రిటైరవుతున్నాడు. మామిడికాయ కూడా అయిపోవచ్చింది, ఇంకో పదిరోజుల్లో ఫ్యాక్టరీ మూసేస్తారు. వేరే ఎవరైనా అయితే ఆ సాయంత్రమే పెట్టె సర్దుకునేవాళ్ళు.

నాకు మాత్రం టీ బంకు బల్ల కింద రాజా కనబడింది. నేను సోమవారం రాను, మంగళవారం రాను. అది ఒక్కో బస్సు దగ్గరికీ పోయి వెతుక్కుంటుంది. అన్నం ముట్టదు. ఎండలు పోయి వానలొస్తాయి. తర్వాత ఏం జరుగుతుందో నేను టిక్కెట్టు కొని మరీ చూసి ఉన్నాను. చిన్నప్పుడు నాయనే చెప్పిన పాతకథలో ఒక రాజుగారు వెంట వచ్చిన కుక్కను బయట వదిలేసి స్వర్గంలోకి రానన్నాడు. స్వర్గమే వద్దన్నవాళ్ళుండగా నేను రేణిగుంట వద్దనలేనా?

అనలేకపోయాను. ఉన్న సంగతి చెబితే నాయన ఏమంటాడో తెలుసు. అందుకని రేణిగుంట నీళ్ళు నాకు పడవన్నాను. రైళ్ళ కూతలకు నిద్ర పట్టదన్నాను.

"బెల్లం కొట్టిన రాయి మాదిరి నిలబడుకోని ఉండావు, ఏందిరా నీ బాధ?" అన్నాడు నాయన. "పోతావా, పోవా? మీ మామకు జాబు రాయాల."

"ఆదివారం చెప్తా నాయనా."

అమ్మ నా కళ్ళలో నీళ్ళు చూసింది. చాటుకు పిలిచి, "బంగారుపాళ్యంలో ఎవురికన్నా మాటిచ్చినావా నాయనా?" అని గుసగుసగా అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను గానీ, ఆ ఊపులో బలం లేదు. అమ్మ దేవుడి దగ్గర ఇంకో దీపం పెట్టింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అన్నం దిగలేదు. నాయన బడినుంచి వచ్చి చొక్కా కూడా విప్పకుండా అరుగు మీద కూర్చునేవాడు.

ఆదివారం వచ్చింది. ఆదివారాలు నాకు ఫ్యాక్టరీ ఉండదు, బస్సూ ఉండదు. మరి ఆ రోజుల్లో నా రాజా ఏం చేస్తుంది? దిగులుగా బల్ల కింద పడుకుని ఉంటుంది. వెళ్ళి దాన్ని నిమిరి, "నేను యాడికీ పోనులే" అని చెప్పి, తిరిగొచ్చి నాయనకు కూడా అదే మాట చెప్పేద్దామని సాయంత్రం ఆరింటికి గుండె గట్టి చేసుకుని బయల్దేరాను. డిపో ఇంకా దాటనే లేదు, ఎదురుగా వస్తున్నారు ఇద్దరు. ఒకరు మా జేబుల సాయిబు (మా వీధి దర్జీ, ఎవరికి చొక్కా కుట్టినా అడక్కుండానే మూడు జేబులు పెట్టేవాడు). ఆయన కాలికి అతుక్కుని, ఆయన లుంగీ చాటునుంచి నల్లకుక్కల మీద గుర్రుమంటూ, నా రాజా!

నన్ను చూసి కూడా చూడనట్టు దాటుకుని పోయింది. నేను వెనకే నడిచాను. మా అరుగు దగ్గర అది ఆగింది, సాయిబు వైపు ఒకసారి చూసింది, పక్కసందులోకి తిరిగింది. శ్రీవైష్ణవుల మీద గౌరవమనుకున్నానే, సాయిబు పక్కన ఉన్నప్పుడూ అదే గౌరవం! ఇక ఆగలేక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేనూ ఆ సందులోకి తిరిగాను. ఇరవై అడుగుల్లో ఒక మిలిటరీ హోటలు (మాంసం వండే హోటలుకు మావైపు పేరు అది). దాని పెరటిగుమ్మం దగ్గర ఒకాయన పులుసు కాచిన ఎముకలు బకెట్‌తో కుమ్మరిస్తున్నాడు. రాజా వాటిలో పెద్దది చూసి పట్టుకుంది. "రాజా!" అన్నాను. అది తలెత్తి నన్ను చూసి గుర్రుమంది. నేను ఎముకలో వాటాకు వచ్చాననుకుంది.

"ఏం సామీ, నువ్వు ఈ సందులోనా?" అన్నాడు సాయిబు, గుమ్మం దగ్గర బీడీ ముట్టించుకుంటూ.

"ఈ కుక్క నీకు తెలుసునా సాయిబూ?"

"నవాబు తెలవకేం! ఆదివారం డ్యూటీ నాదే గదా. ఆ డిపో కాడ మూడు నల్లవి ఉండాయి సూడు, వాటికీ దీనికీ పాతపగ. ఒంటిగా వస్తే సీల్చేస్తాయి. మనిసి పక్కన ఉంటే దగ్గరికి రావు. అందుకని స్టాపు కాడ కూసోని, ఈ పక్కకొచ్చేవాణ్ణి సూసి పట్టుకుంటాది. పొద్దున పాలామె తోడు, ఆమె ఎర్రోడా అంటాది. సాయంత్రం నువ్వు. నువ్వేమంటావు?"

"రాజా" అన్నాను, నేల చూస్తూ. "మరి... నా మీద దానికి ఏమీ లేనట్టేనా?"

సాయిబు బీడీ నోట్లోంచి తీశాడు. "ఎందుకుండదు సామీ? ఉంటాది. దాటించేవాళ్ళ మీద ఎవురికైనా ఉంటాది" అన్నాడు.

అది నన్ను కాపాడడం కాదు, నేనే మూడు వారాలుగా దానికి కావలిగా నడిచాను. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. ఆ సిగ్గు వెనకే ఇంకోటి వచ్చింది. అబ్బ, ఎంత హాయో! గుండెల మీదనుంచి కాయలలారీ దిగిపోయినట్టైంది. నేను లేకపోతే అది చావదు. అన్నం మానదు. చెప్పుల మీద తల పెట్టదు. దానికి పాలామె ఉంది, సాయిబు ఉన్నాడు, ఇంత లావు ఎముక ఉంది. నేను రేణిగుంట పోవచ్చు. ఒక్కణ్ణే నవ్వుకుంటూ ఆ సందులోంచి బయటికొచ్చి, తలెత్తి చూద్దును గదా, అరుగు మీద నాయన.

మిలిటరీ హోటలు సందులోంచి నవ్వుకుంటూ వచ్చే కొడుకుని చూసిన ఆ తెలుగు అయ్యవారి మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఆయన వెనక తలుపు పట్టుకుని అమ్మ.

"ఆ సందులో నీకేం పనిరా?" అన్నాడు చివరకు, చాలా నెమ్మదిగా.

ఇక దాచేందుకు ఏం మిగిలింది? సినిమా, పడవవాడి చెప్పులు, రాజా, బిస్కెట్లు, రేణిగుంట నీళ్ళు, అన్నీ చెప్పేశాను. నాయన కదలకుండా విన్నాడు. "గడప తొక్కకూడదని దానికి తెలుసనుకుంటివా?" అని అడిగాడు. అవునన్నాను. అంతే, ఆయన భుజాలు ఊగడం మొదలైంది. నామం చెదిరిపోయేట్టు, కళ్ళ నీళ్ళు కారేట్టు నవ్వాడు. మా నాయన అలా నవ్వగా నేను చూడడం అదే మొదలు. నవ్వి నవ్వి, కండువాతో మొహం తుడుచుకుని, "నేను ఇంకేమేమో అనుకొని వారం దినాలుగా సస్తావుండా గదరా" అన్నాడు.

"రేపు పొద్దున మొదటి బస్సుకే పోతా నాయనా" అన్నాను.

అమ్మ లోపలికి పోతూ పోతూ ఆగి, "పాపం, రేపట్నుంచి సాయంత్రం పూట దాన్ని ఎవురు దాటిస్తారో" అంది.

చేరాను. రేణిగుంట నీళ్ళు పడ్డాయి, రైళ్ళ కూతలకు నిద్ర కూడా బాగానే పట్టింది. మొదటి శనివారం సగంపూట సెలవిస్తే చిత్తూరుకొచ్చి, మా వీధి మొదట్లో దిగేసరికి ఆరు కావస్తోంది. టీ బంకు బల్ల కింద రాజా ఉంది. దాని పక్కనే గొడుగు చంకలో పెట్టుకుని, బస్సు మెట్లవైపు చూస్తూ నాయన నిలబడి ఉన్నాడు.

"నాకోసం వచ్చినావా నాయనా?"

"నీకోసమేంది?" అన్నాడు ఆయన, వెంటనే మొహం తిప్పుకుని. "దీన్ని దాటియ్యాల గదా. పద, పద, ఎముకలేసే టైమైంది."

ముగ్గురం నడిచాం. డిపో దగ్గర అది నాయన పంచె చాటుకు చేరి గుర్రుమంది. మలుపులో ఆయనవైపు ఒకసారి చూసి, నన్నసలు పట్టించుకోకుండా సందులోకి తిరిగిపోయింది. నాకు కాస్త కష్టంగానే అనిపించింది, అబద్ధమెందుకు. రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ చెప్పింది, నాయన సోమవారంనుంచీ రోజూ పోతున్నాడట. కుక్కను దాటించి ఇంటికి వచ్చాక మళ్ళీ గొడుగు తీసుకుని స్టాపుకు పోయి, తిరుపతినుంచి, అంటే రేణిగుంట దిక్కునుంచి, వచ్చే ఇంకో బస్సు కూడా చూసి వస్తున్నాడట.

ఆ బస్సు ఎందుకు చూస్తున్నాడని నేను అమ్మను అడిగాను. ఇరవై రెండేళ్ళవాణ్ణి, కుక్క సినిమాకు వెక్కి వెక్కి ఏడ్చినవాణ్ణి, ఆ మాట నోరు తెరిచి అడిగాను. అమ్మ ఇంకో ముద్ద పెరుగన్నం వేసింది. ఆనాటి నాయన వయసు నేను దాటి చాలా ఏళ్ళైంది. ఇప్పుడు మా పిల్లలు వస్తామన్న రోజు నేను కూడా ఏదో ఒక పని కల్పించుకుని బస్సు స్టాపుకు పోతుంటాను, "నాకోసం వచ్చినావా?" అని వాళ్ళడిగితే కాదనే చెబుతాను.