పట్టా రెండో కొస

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను నందిగామ బస్టాండులో ఉన్నాను. రాత్రి డ్యూటీ దిగి జగ్గయ్యపేట బస్సు కోసం చూస్తున్నాను. పొద్దున్నే టీ పక్కన పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలారట, అంతే. నాకు ఏడుపు రాలేదు. కాళ్ళు పీకుతున్నాయి, బస్సులో సీటు దొరికితే చాలనిపించింది. మనిషి బాగా అలిసిపోతే దుఃఖం కూడా వెనక బస్సుకే వస్తుంది.

నేను ఆస్పత్రిలో నర్సుని. రోజూ ఎంతమందితో ‘కంగారు పడకండి’ అంటానో లెక్క లేదు. నోరు దాని పాటికది అనేస్తుంది. ఆ మాటంటేనే మాస్టారికి ఒళ్ళుమంట.

బళ్ళో రిటైరయ్యాక ఆయన జగ్గయ్యపేటలో తన ఇంటి వసారాలో ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవారు. మమ్మల్ని కూడా ‘ఏమండీ’ అనే పిలిచేవారు. టీ పూర్తిగా చల్లారితే గానీ ముట్టుకునేవారు కాదు. “వేడి టీ తాగేవాడు మాట కూడా తొందరపడి వాడేస్తాడండీ” అనేవారు. ఆ రెండింటికీ సంబంధమేమిటో నాకిప్పటికీ తెలీదు.

“ఇంగ్లీషులో ఒక్కోరకం కంగారుకి ఒక్కో మాటుంది. మనకి కంగారు అని ఒక సంచి ఉందండీ. అన్నీ అందులోనే కుక్కేస్తాం” అన్నారు ఓ సాయంత్రం.

“గాభరా ఉందిగా మాస్టారూ. ఆదుర్దా, బెంబేలు కూడా ఉన్నాయి” అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. “ఉన్నాయండీ, బోలెడున్నాయి. మనం బయటికి తీస్తే కదా! ఏ మాటైనా సరే, మనిషిని చూసి వాడాలి. మనిషికి పట్టిందేదో తెలిస్తే మనం చెయ్యాల్సిందేదో తెలుస్తుంది.”

ఆయన పాఠం ఎప్పుడూ అలాగే ఉండేది. మాటకి అర్థం రాయించేవారు కాదు, ఆ మనిషి ఎదురుపడితే ఏం చేస్తావని అడిగేవారు. బస్టాండుకి తీసుకెళ్ళి, ఫోను చేతిలోనే పెట్టుకుని ఫోను పోయిందని బిక్కచచ్చిపోయిన అమ్మాయిని చూపించారు. “ఇది పానిక్. మీరెంత చెప్పినా చెవికెక్కదు. ముందు మంచినీళ్ళివ్వండి” అన్నారు. ఫ్రెంజీ అనే పూనకం గుంపుకి పడుతుందని, దానికి ఎదురెళ్ళకుండా పక్కకి తప్పుకోవాలని చెప్పారు. హిస్టీరియా అన్న మాట దగ్గర మాత్రం ఆగి, “ఇది వాడేముందు నోరు కడుక్కోండి. ఎందుకేడుస్తోందో అడగడానికి ఓపిక లేనివాళ్ళు ఆడవాళ్ళకి తగిలించిన పేరిది” అన్నారు. వెనక బెంచీలో మగపిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఒకసారి పాఠం మధ్యలో మబ్బు కమ్మింది. ఎదురింటావిడ ఆరబోసిన మిరపకాయల మీదికి టార్పాలిన్ పట్టా లాగుతూ, అరుస్తూ, ఒక్కతే అటూ ఇటూ పరుగెడుతోంది. “కంగారు పడకండి పిన్నిగారూ!” అని నేను వసారాలోంచి కేకేశాను. మాస్టారు నావైపు చూశారు. “ఆవిడది ఫ్రాంటిక్ అండీ. అక్కడ పనుంది, టైము లేదు. నీతులు చెప్పకుండా వెళ్ళి పట్టా రెండో కొస పట్టుకోండి.” క్లాసు క్లాసంతా వెళ్ళాం. ఆ రాత్రి చేతులు మండి అన్నం తినలేకపోయాను.

ఆయన పోయిన రోజు నేను వెళ్ళేసరికి వసారాలో కుర్చీలు వేశారు. పాస్టరుగారు వచ్చేశారు. లోపల మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఆంటీని రెక్కలు పట్టుకుని ఆపుతున్నారు. మాస్టారి భార్యని మేమంతా ఆంటీ అనే అంటాం. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, జుట్టు విడిపోయి, “పైకి పోనివ్వండి, వదలండి నన్ను” అని పెనుగులాడుతోంది.

మాస్టారి తమ్ముడు నన్ను పక్కకి పిలిచారు. “నువ్వు నర్సువి కదమ్మా. వదిన మేడెక్కి దూకేస్తుందేమోనని భయంగా ఉంది. హిస్టీరియా వచ్చినట్టుంది. పక్క క్లినిక్కు డాక్టరుగారికి ఫోన్ చేస్తా, ఓ ఇంజక్షనిచ్చి పడుకోబెట్టెయ్.”

ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే భయపడ్డాడు. నాకూ ఓపిక లేదు. ఇంజక్షనైతే క్షణంలో పని, తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం. కానీ మధ్యాహ్నానికి పెట్టె లేపుతారు. ఇప్పుడు పడుకోబెడితే ఆవిడ కళ్ళు తెరిచేసరికి మాస్టారు ఉండరు. ఆఖరి చూపు ఉండదు.

“ఒక్క నిమిషం ఆగండి బాబాయిగారూ” అని మెట్ల దగ్గరికి వెళ్ళాను. “ఆంటీ, పైన ఏం పనుందండీ?”

అప్పటిదాకా ఆ సంగతి ఎవరూ అడిగినట్టు లేదు. ఆవిడ పెనుగులాట ఆపి నావైపు చూసింది.

“మిరపకాయలమ్మా. ఏడాది కారానికి. నిన్నంతా కూర్చుని ఆయనే తొడిమలు తీసి ఆరబోశారు. మబ్బేసింది చూడు. తడిస్తే బూజు పట్టిపోతాయి. చెప్తుంటే ఈళ్ళు వినరే!”

“వదలండమ్మా ఆవిణ్ణి” అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఇద్దరం మేడెక్కాం. గాలికి పట్టా ఎగిరిపోతోంది. ఆవిడ ఓ కొస పట్టుకుంది, నేను రెండోది పట్టుకున్నాను. కప్పేసి అంచుల మీద ఇటుకలు పెట్టాం. ఆవిడ వంగి, బయట పడిపోయిన కాయ ఒకటి తీసుకుంది. తర్వాత ఇంకేం చెయ్యాలో తెలియనట్టు చుట్టూ చూసింది. చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఉన్నచోటే కూలబడిపోయింది.

దీనికి కూడా మాస్టారి దగ్గర ఒక మాట ఉండేది, డిస్ట్రాట్ అని, దుఃఖానికి మనసు చెదిరిపోవడం. “ఆ మనిషికి పనులు చెప్పకండి, మాటలూ చెప్పకండి. పక్కన కూర్చోండి, అంతే” అనేవారు. నేను పక్కన కూర్చున్నాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

కింద పాట మొదలైంది. “దిగి రా వదినా, కంగారు పడకు” అని మెట్ల మీంచి ఎవరో పిలిచారు. “వస్తుందండీ, కాసేపాగండి” అన్నాను.

పట్టా మీద చినుకులు పడుతున్నాయి. ఆవిడ గుప్పిట్లో ఆ మిరపకాయ అలాగే ఉంది. దానికి తొడిమ లేదు.