పొత్తు జీపు

ఆ జీపు అన్నకూ నాకూ పొత్తు. మా సిరొంచకు సెల్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. వానాకాలం రేగుంట దాటితే బాటంతా బురదే. అందుకని నేను చక్రాల మీది స్ప్రింగు కమాన్ పట్టీలు మార్చి, పెద్ద టైర్లు వేసి జీపును జానెడు ఎత్తు లేపాను. అన్నకు అది ఇష్టం లేదు. ఇష్టం లేదంటూనే నాకంటే ఎక్కువ తనే తిప్పాడు.

ఎత్తు పెరిగాక గేర్ బాక్స్ నుంచి వెనక ఇరుసుకు పోయే షాఫ్ట్ బాగా ఏటవాలుగా పడి, దాని కీళ్లు తరచూ అరిగిపోయేవి. అవి నేనే మార్చుకునేవాణ్ణి. ఆ ఎండాకాలం మాత్రం గేర్ బాక్సే మూలగడం మొదలుపెట్టింది. మూడో గేరు పడితే ఒట్టు.

"గేర్ బాక్సు కిందికి దించాలె. జర చెయ్యెయ్యి," అన్నాను అన్నతో.

"నువ్వు లేపినవ్, నువ్వే దించుకో." వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాడు, నా చేతగానితనం చూడటానికి.

జీపును టేకు దుంగల మీద నిలబెట్టి కిందికి దూరాను. మొదట నూనె వదిలాను. నల్లగా రావాల్సింది పాలు పోసిన చాయ్‌లా వచ్చింది. లోపలికి నీళ్లు పోయాయన్నమాట.

"దీన్ని నీళ్లల్ల దించినవా?"

"నేనెందుకు దించుత? నువ్వు జేసిన వంకరపనికే గిట్లయింది."

గడపలో బియ్యం ఏరుతున్న వదిన తలెత్తకుండానే అంది: "పాతగూడెం కాడ ఏట్లకెళ్లి దాటించిన, సీటు దాకా నీళ్లొచ్చినయ్ అని నువ్వే చెప్తివి గదా."

"నిన్నెవరడిగిన్రు? నోర్ముయ్!"

వదిన చాట అక్కడే వదిలేసి లోపలికి పోయింది. నాకు ఒళ్లు మండింది. "అబద్ధాలకోరువి నువ్వు," అన్నాను కింద నుంచే. బుద్ధెరిగాక అన్నను అంత మాట అనడం అదే మొదలు.

గేరు రాడ్డు ఉండే రంధ్రంలోంచి తాడు వేసి, జీపు మీద అడ్డంగా పెట్టిన వాసానికి గేర్ బాక్సును కట్టాను. ఆఖరి బోల్టు ఊడగానే ముడి జారింది. ఆ ఇనుప ముద్ద నా రొమ్ము మీద పడింది. అరుద్దామంటే ఊపిరే లేదు. నా కాళ్లు కొట్టుకోవడం చూసి అన్న పాక్కుంటూ వచ్చాడు. దాన్ని పక్కకు దొర్లించి, నన్ను చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చాడు.

"సస్తే ఏడన్న సావు, నా ముంగట సావకు," అన్నాడు.

"ఏట్ల దించింది నిజమా కాదా?" అన్నాను దగ్గుతూ.

"నిజమే. ఏం జేస్తవ్?"

తర్వాత మూడు రోజులు ఇద్దరం కలిసే పనిచేశాం, ఒక్క మాట లేకుండా. పానా కోసం అతను చెయ్యి చాపితే నేను నేల మీద పడేసేవాణ్ణి. తుప్పు పట్టిన బేరింగులు మార్చాం. గేర్ బాక్సును కొంచెం కిందికి బిగించి షాఫ్ట్ వాలు తగ్గించాం. జీపు అంత బాగా అంతకుముందెప్పుడూ నడవలేదు.

ఆ వారమే అన్న దాన్ని అల్లపల్లికి తోలుకుపోయి, అక్కడే వేరు కాపురం పెట్టాడు. నాకు పొలం మిగిలింది. పెళ్లిళ్లలో ఎదురుపడితే పక్కకు తప్పుకుంటాం. అన్న నీ పానం నిలిపిండు అంటుంది వదిన. నేను కాదనను. అతనితో మాట్లాడాలని మాత్రం నాకింతవరకు అనిపించలేదు.