ఏరు దాటించిన మనిషి

సువార్తికుడు ధనరాజు అయ్యగారి స్మారక మందిరం తెరిచారని తెలిసి, లక్ష్మణమ్మ ఆ ఆదివారం చేపలమ్మడం మానుకుని ఆటో ఎక్కింది. ఆమె చర్చికి పోయే మనిషి కాదు, గంగమ్మకే మొక్కుతుంది. అయినా అయ్యగారు కంజీర వాయించుకుంటూ జాలరిపేటకు వచ్చినప్పుడల్లా ఆమె ఇంటి అరుగు మీదే కూర్చునేవారు. ఆమె పెట్టిన చేపల పులుసు తిని, "మా యేసయ్య కూడా సేపలోళ్లతోనే తిరిగాడమ్మా" అని నవ్వేవారు.

ఒక తుపానుకు ఆయన ఆ అరుగు మీదే జ్వరంతో తెలివి తప్పి పడిపోయారు. రోడ్డు మునిగిపోయింది. ఏరు దాటితేనే ఆసుపత్రి. లక్ష్మణమ్మ భర్త గంగరాజు మారుమాట లేకుండా పడవ దింపాడు. ఆమే, పక్కింటి యమునా కలిసి అయ్యగారిని మోసుకెళ్లి అందులో పడుకోబెట్టారు. గంగరాజు ఆయన్ను అవతలి ఒడ్డుకు చేర్చాడు. తిరిగి వస్తూ ఏటిలో కొట్టుకుపోయాడు. అయ్యగారు కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి కన్నుమూశారు. ఆ తర్వాత యమున బాప్తిస్మం తీసుకుంది. మందిరంలో పని దొరికిందని ఈమధ్యే చెప్పింది గానీ, ఏం పనో చెప్పలేదు.

మందిరం లోపల గోడ నిండా ఒక బొమ్మ. మెడలోతు నీళ్లలో అయ్యగారు ఒంటరిగా ఉన్నారు. ఒడ్డున జాలర్లు చేతులు కట్టుకుని చూస్తున్నారు. బొబ్బిలి నుంచి బస్సులో వచ్చినవాళ్లకు యమున దాని గురించి చెబుతోంది.

"పడవ ఇమ్మని ఇల్లిల్లూ తిరిగారండి. మా పేటలో ఒక్కరూ ఇవ్వలేదు. జ్వరంతోనే ఏరు ఈదేరు."

ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. లక్ష్మణమ్మ కాసేపు తనేదో తప్పుగా విన్నాననుకుంది.

"యమునా, మరి మీ గంగరాజన్న ఏటయ్యాడే?"

అందరూ ఇటు తిరిగారు. యమున నేలచూపులు చూసింది. తర్వాత వాళ్లతో మెల్లగా, "మా పేట మనిషేనండి. మొగుడు పోయిన కాణ్ణించి మతి సరిగ్గా ఉండదు" అంది.

ఎవరో పెద్దాయన జాలిపడి కుర్చీ జరిపాడు. లక్ష్మణమ్మ కూర్చోలేదు. మందిరం వెనకున్న అయ్యగారి సమాధి దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన మీద ఆమెకు కోపం రాలేదు. బతికుంటే ఈ బొమ్మ వేయనిచ్చేవారు కారనిపించింది.

గేటు దగ్గరకొచ్చేసరికి యమున వెనకాలే వచ్చింది.

"వొదినా, అలాగే సెప్పమన్నారు. నన్నేటి సెయ్యమంటావు?"

"ఆళ్లకి తెల్దు. నువ్వు అయ్యగారి కాళ్లట్టుకుని పడవెక్కించేవు కదే."

లోపలి నుంచి పిలుపు రావడంతో యమున కొంగు సర్దుకుంటూ వెళ్లిపోయింది.

ఆ రోజును కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది తామిద్దరే. గంగరాజు గుర్తొచ్చి గుండె బరువెక్కినప్పుడల్లా లక్ష్మణమ్మ యమున గడపలోనే కూర్చుని ఏడ్చేది. ఇక ఆ గడప తొక్కేది లేదని ఆమెకు అక్కడే తెలిసిపోయింది.

బస్సు ఎక్కబోతున్న ఒకామె చెయ్యి పట్టుకుని, "పడవ మా ఆయనదమ్మా" అంది లక్ష్మణమ్మ. ఆవిడ చెయ్యి విడిపించుకుని బస్సులోకెళ్లి కూర్చుంది.